ఒక్క తూటా ఆట

మొన్న సంక్రాంతికి మా అక్కగారి ఊరు వెళ్ళాను. చిలకలూరిపేటకూ పర్చూరుకూ నడుమ, నల్లరేగడి నేలలో ఉన్న పల్లె అది. పత్తి తీతలు ముగింపునకు వచ్చినవి. మిరప చేలలో కాయ ఎర్రబారుతున్నది. భోగి నాటి మధ్యాహ్నం మా మేనల్లుడు అటక మీది నుంచి ఒక అట్టపెట్టె దించి, దుమ్ము దులిపి, తన పదేళ్ళ కొడుకు ముందు పెట్టాడు. అందులో ఉన్నది ముప్పై ఏళ్ళ నాటి వీడియో గేమ్ యంత్రం. మూలపడి ఉన్న పాత డబ్బా టీవీకి దాని తీగ తగిలించి, కేసెట్ దోపి, మీట నొక్కగానే నల్లని తెర మీద రంగురంగుల నక్షత్రాలు మిణుకుమిణుకుమంటూ కిందికి జారడం మొదలైంది. తండ్రీ కొడుకులు నేల మీద చతికిలబడ్డారు. నేను కుర్చీ దగ్గరకు లాక్కున్నాను.

ఆ సమయానికే ఆ ఊరి ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయులొకరు పండుగ పలకరింపునకు వచ్చారు. తెర వంక చూసి, “మాష్టారూ, తెలుగు చెప్పే మీరు కూడా ఈ కాల్చుడు ఆటను చూస్తూ కూర్చున్నారా! పిల్లల బుద్ధులు పాడైనది వీటితోనే కదండీ” అన్నారు. నాకు వెంటనే జవాబు తోచలేదు. అరిసెలు తిని, కాఫీ తాగి వారు వెళ్ళిపోయారు. ఇంటికి తిరిగి వచ్చిన పిమ్మట, చెప్పవలసింది కొంత ఉన్నదని తోచి ఈ నాలుగు మాటలూ వ్రాస్తున్నాను. వారి మాట పూర్తిగా తప్పని నేననను. అయితే వారు ఆ ఆటను చూడకుండా తీర్పు చెప్పారు. చదవని కావ్యాన్ని విమర్శించడం మన వృత్తిలో పెద్ద దోషమని విద్యార్థులకు నిత్యం చెప్పేవాళ్ళమే మనం.

ముందుగా ఆ పెట్టె పుట్టుపూర్వోత్తరాలు కొంచెం చెప్పాలి. జపాను దేశపు నింటెండో సంస్థ 1983 జూలైలో ‘ఫ్యామిలీ కంప్యూటర్’ అనే పేర ఒక ఆటయంత్రాన్ని విడుదల చేసింది. దానిని అనుకరించి చేసిన చౌక పెట్టెలు 1990 తరువాతి దశాబ్దంలో మన బజార్లకు వచ్చినవి. సమురాయ్, లిటిల్ మాస్టర్ వంటి పేర్లు ఆనాటి పిల్లలకు సుపరిచితాలు. కొనలేనివారు గంటల లెక్కన అద్దెకు తెచ్చుకునేవారు. కేసెట్ సరిగా అంటుకోకపోతే పిల్లలు దాని నోట ఉఫ్ అని ఊది మళ్ళీ దోపేవారు. ఊదినందువల్ల కాదు, తీసి తిరిగి దోపినందువల్లనే అది పనిచేసేది; కాని ఆ మాట ఏ పిల్లవాడూ ఒప్పుకొనేవాడు కాడు. కేసెట్ మీద 9999999 ఆటలని అచ్చు వేసి ఉండేది. లోపల ఉండేవి కొద్దిపాటి ఆటలే. వాటినే పేర్లు మార్చి, అంచెలు మార్చి, పదే పదే చూపేవారు. కొన్ని కవితా సంకలనాలు నాకు ఆ కేసెట్‌ను జ్ఞాపకం చేస్తూ ఉంటాయి.

ఆ కొద్దిపాటి ఆటలలో తప్పకుండా ఉండేది ‘గెలాక్సియన్’. దానికి అన్న ‘స్పేస్ ఇన్వేడర్స్’. 1978లో టైటో సంస్థ కొరకు తొమొహిరో నిషికాడో అనే జపాను దేశీయుడు దానిని రూపొందించాడు. మనుషులను కాల్చే ఆట తగదని మనుషులకు బదులు గ్రహాంతర జీవులను నిలబెట్టారు. వరుసకు 11 చొప్పున 5 వరుసలలో 55 శత్రువులు కవాతు చేస్తూ కిందికి దిగుతారు. కూలినకొద్దీ మిగిలినవారి నడక వేగమవుతుంది. ఈ వేగం మొదట ఎవరూ అనుకొని పెట్టినది కాదు. గీయవలసిన బొమ్మలు తగ్గేసరికి యంత్రానికి భారం తగ్గి, మిగిలినవి వడిగా కదిలినవి. నిషికాడో ఆ లోపాన్ని దిద్దక, ఆటకు ప్రాణంగా ఉంచుకున్నాడు. మరుసటి ఏడు, అనగా 1979లో, నామ్కో సంస్థ ‘గెలాక్సియన్’ను తెచ్చింది. 1984లో అది ఇంటి యంత్రానికి వచ్చింది. మన పల్లెటూళ్ళ డబ్బా టీవీలకు చేరడానికి మరి పదేళ్ళు పట్టింది.

ఇక ఆట సంగతి. తెర పైభాగాన రెక్కల పురుగుల వంటి శత్రువులు బారులు తీరి అటూ ఇటూ ఊగుతూ ఉంటాయి. అడుగున మన ఓడ ఒక్కటే. ఉన్నట్టుండి ఒక పురుగు బారు విడిచి, వంపు తిరుగుతూ, గుండ్లు విడుస్తూ మన మీదికి దూకుతుంది. తగిలితే మనం పోతాము. తగలకపోతే అది తెర అడుగున మాయమై, మళ్ళీ పైనుంచి వచ్చి తన చోట తాను నిలుస్తుంది. అన్నింటినీ కూల్చితే కొత్త దళం వస్తుంది. దానిని కూల్చితే మరొకటి. ఈ ఆటకు గెలుపు లేదు. ఎంత నేర్పరి ఆడినా చివరకు తెర మీద పడేది ఆటకట్టు మాటే. మన ఆలంకారికులు మంగళాంతమైన కావ్యాన్నే మెచ్చుకొన్నారు. ఈ ఆట వారికి నచ్చి ఉండేది కాదు.

ఇంతవరకు చూస్తే ప్రధానోపాధ్యాయులవారి మాటే నిజమనిపిస్తుంది: కాల్చడం, కూలడం, కాల్చడం. కాని ఈ ఆటలో ఒక నియమం ఉన్నది. పైనుంచి చూసేవారికి అది కనబడదు. మన ఓడ ముక్కున ఒకే ఒక్క తూటా ఉంటుంది. దానిని వదిలితే, అది శత్రువుకు తగిలిందాకానో, గురి తప్పి తెర పైఅంచు దాటి పోయిందాకానో రెండవ తూటా రాదు. అంతవరకు మనం నిరాయుధులం. గురి తప్పిన తూటా తెర నిలువునా మెల్లగా పైకి పోతూ ఉంటే, సరిగా ఆ క్షణాన్నే మూడు పురుగులు కలిసి మన మీదికి దూకుతాయి. మీట ఎంత నొక్కినా లాభం లేదు.

కాబట్టి ఇది కాల్చే ఆట కాదు. కాల్చకుండా ఆగే ఆట. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకొన్నది ఇదే. తక్కిన మాటలన్నీ దీని చుట్టూ తిరిగేవే.

ఈ సంగతి నాకు నేనుగా తెలిసినది కాదు. 1993 దసరా సెలవులలో మా మేనల్లుడు చెప్పాడు. అప్పుడు వాడికి పదేళ్ళు. నేను ఎం.ఏ. ముగించి, ఉద్యోగం రాక, అక్కగారింట నాలుగు రోజులు ఉండిపోయాను. ఆ చౌక పెట్టెల చేతిమీటలకు అసలు యంత్రానికి లేని రెండు మీటలు అదనంగా ఉండేవి. వాటిని టర్బో మీటలనేవారు. ఒకసారి నొక్కి పట్టుకుంటే చాలు, తూటాల ధార ఆగదు. నాబోటివాడు దానినే పట్టుకుంటాడు కదా. నిమిషం తిరక్కముందే నా మూడు ఓడలూ పోయినవి. వాడు నవ్వి, “మామయ్యా, ఆ మీట ముట్టుకోకు. అది ఊరికే కాలుస్తుంది. నీకు కావలసినప్పుడు తూటా ఉండదు. పురుగు వంపు తిరిగినదాకా చూడు” అన్నాడు.

తరువాత నేను గమనించినది ఇంకొకటి ఉన్నది. పైబారున పసుపుపచ్చని నాయకుడొకడు ఉంటాడు. ఎర్రని అంగరక్షకులు ఇద్దరిని వెంట బెట్టుకొని దిగుతాడు. ఆశపడి వాడినే ముందు కూల్చితే 300 పాయింట్లు. ఓపిక పట్టి, ఇద్దరు రక్షకులనూ ముందు కూల్చి, ఆ పిమ్మట వాడిని పడగొడితే 800. అనగా ఈ ఆట తొందరకు తక్కువ కూలి ఇస్తుంది. మూల యంత్రంలో మరొక ముచ్చట ఉన్నది: అలా తప్పించుకొని పోయిన నాయకులు వచ్చే దళంలో అదనంగా ప్రత్యక్షమవుతారు. నేడు చావనివాడు రేపు బలగంతో వస్తాడన్నమాట.

ఇప్పుడు చదువరులు ఆ ఇంటి వాకిలి దాటి నాతో చేలోకి రావాలి. అదే అక్టోబరు నెల. పత్తి పూత మీద, కాయ మీద ఉన్నది. మా బావగారు ముఖానికి తువ్వాలు చుట్టుకొని, వీపున స్ప్రేయరు తగిలించుకొని సాళ్ళ వెంట నడుస్తున్నారు. మందు కొట్టడమని దానికి పేరు. రోగం పోగొట్టేదీ మందే, పురుగును చంపేదీ మందే, మనిషి మత్తుకు తాగేదీ మందే. తెలుగులో ఈ ఒక్క మాటకు ఉన్న బరువు మరి దేనికీ లేదేమో. గుంటూరు, ప్రకాశం జిల్లాలలో వాణిజ్యపు పత్తి విస్తరించినకొద్దీ మందు విస్తరించింది. 1980 తరువాత వచ్చిన సింథటిక్ పైరెత్రాయిడ్లు మొదట అద్భుతంగా పనిచేశాయి. చల్లినదే తడవుగా పురుగు రాలిపడేది. దానితో లెక్క చూడడం మానివేశారు. వారం తిరిగితే కొట్టడమే. ఒక మందు చాలకపోతే రెండు మూడు కలిపి కొట్టడమే. చేతిలో టర్బో మీట దొరికినట్లయింది.

1987–88 నాటికి ఏమైనదో ఈ ప్రాంతపు పెద్దలకు చెప్పనక్కరలేదు. ఒకవైపు తెల్లదోమ, ఒకవైపు శనగపచ్చపురుగు. మందు తిని బతికిన పురుగు సంతతి మందుకు లొంగలేదు. మన రాష్ట్రపు పత్తి చేలలో పైరెత్రాయిడ్లు ఈ పురుగుపై విఫలమైనట్లు శాస్త్రజ్ఞులు గుర్తించినది ఆ కాలాననే. పంట పోయి, మందుల అప్పు మిగిలి, ఈ రెండు జిల్లాలలో పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. కొందరు చేలో కొట్టవలసిన మందునే తాగారు. ఆ మాట ఇంతకంటె పొడిగించలేను.

ఆ తరువాత అయిదారేళ్ళకు, మా బావగారు ఇంకా అదే అప్పు తీరుస్తూ, అదే మందు కొడుతూ ఉండగా, లోపలి గదిలో వారి కొడుకు తెర మీది పురుగులను ఒక్కొక్క తూటాతో కూల్చుతున్నాడు. తండ్రికి వాడి ఆట చూస్తే ఒళ్ళు మండేది. “మేము ఎండలో చస్తుంటే నీకు ఆటలా!” అని ఒకనాడు తీగ పీకివేశారు కూడా. నేను అప్పుడు బావగారి పక్షమే. ఇప్పుడు ఆలోచిస్తే ఆ రోజు ఆ ఇంట పురుగుతో యుద్ధం చేయడం ఎట్లో తెలిసినవాడు ఆ పదేళ్ళవాడొక్కడేనేమో అనిపిస్తుంది.

ఇది అతిశయోక్తి అని మీరంటారు, కొంత అవును. అయినా గుంటూరు దగ్గరి లాం పరిశోధనా స్థానపు శాస్త్రజ్ఞులు మొదలుకొని వ్యవసాయాధికారుల వరకు ఏండ్ల తరబడి రైతులకు చెబుతూ వచ్చినదేమిటి? ముందు చేలో తిరిగి పురుగును లెక్కపెట్టండి. ఆర్థిక నష్ట పరిమితి దాటితేనే మందు కొట్టండి. లింగాకర్షక బుట్టలు పెట్టి ఉనికి కనిపెట్టండి. గట్టున బంతి, ఆముదం ఎరపంటలుగా వేయండి. అనగా పురుగు వంపు తిరిగేదాకా చూడండి అనే. మా మేనల్లుడు నాకు చెప్పిన మాటకూ దీనికీ భేదం లేదు.

మన సాహిత్యంలో ఈ మాట కొత్తది కాదు. భారతం సౌప్తిక పర్వంలో అశ్వత్థామ, అర్జునుడు ఎదురెదురుగా మహాస్త్రాలు ప్రయోగిస్తారు. వ్యాస నారదులు నడుమ నిలిచి ఉపసంహరించుకొమ్మంటారు. అర్జునుడు తన అస్త్రాన్ని వెనుకకు తీసుకోగలిగాడు. అశ్వత్థామకు ప్రయోగం తెలుసును, ఉపసంహారం తెలియదు. ద్రోణుని కన్నకొడుకు, అదే గురువు వద్ద చదివినవాడు. అయినా సగం చదువే అబ్బింది. ఆ అస్త్రం చివరకు ఉత్తర గర్భంలోని శిశువు మీదికి పోయింది. తరగతిలో ఈ ఘట్టం చెప్పినప్పుడల్లా నాకు ఆ టర్బో మీట జ్ఞాపకానికి వస్తుంది. విద్యార్థులకు ఈ పోలిక చెబితే వెనుక బల్లలవారు కూడా తలలెత్తుతారు. ఇది నా అనుభవం.

ఇక ఆట పక్షాన ఇంత మాట్లాడినవాడిని, దాని దోషాలు దాచరాదు. మొదటిది, అక్కడ తూటాకు వెల లేదు. గురి తప్పితే కాలం పోతుందే కాని కాసు పోదు. రెండవది, మూడు ఓడలు పోతే మీట నొక్కి మళ్ళీ మొదలుపెట్టవచ్చు. ఈ రెండూ అందరికీ తెలిసినవే. అందరూ ఎన్నని దోషం మరొకటి ఉన్నది. నా దృష్టిలో అదే పెద్దది. ఆ తెర మీద కదిలేదల్లా శత్రువే. మన పక్షాన ఒక్క ప్రాణీ లేదు. పత్తి చేను అట్లా ఉండదు. అక్షింతల పురుగు పేనుబంకను తింటుంది. సాలీడు, తూనీగ, పక్షి, ఇవన్నీ రైతు పక్షాన ఉచితంగా పనిచేసే సైన్యం. విచక్షణ లేని మందు ముందుగా చంపేది వీటినే. ‘గెలాక్సియన్’ ఆడి పెరిగినవాడికి ఆగడం తెలియవచ్చు, మిత్రుడెవడో తెలియదు. కూల్చితే నష్టపోయే మిత్రుడొకడు ఆ వరుసలలో ఎగురుతూ ఉంటే ఆ ఆట ఇంకెంత కఠినమై, ఎంత సత్యమై ఉండేదో!

ఈ జాతి ఆటలన్నీ ఒకే గుణం కలవి కావన్నది కూడా ఒప్పుకోవాలి. 1985లో జపానులో ‘స్టార్ ఫోర్స్’ అనే ఆటతో పిల్లలకు ఊరూరా పోటీలు పెట్టారు. హడ్సన్ సంస్థకు చెందిన తకహాషి మెయిజిన్ క్షణానికి 16 తూటాలు పేల్చగలడని అక్కడి పిల్లలు అతడిని వీరుడివలె కొలిచారు. అక్కడ వేలి వేగమే విద్య. నేటి ఫోనులలోని కొన్ని ఆటలలో ఆ శ్రమ కూడా లేదు. తూటాలు వాటంతటవే పేలుతూ ఉంటాయి, ఇంకా కావాలంటే డబ్బు పెట్టి కొనుక్కోవచ్చు. ప్రధానోపాధ్యాయులవారి కోపం వీటి మీదనైతే నేనూ వారి వెంట నడుస్తాను. ఒకే రకంగా కనబడే రెండు పద్యాలలో ఒకటి పద్యమూ మరొకటి కేవలం గణాల కూర్పూ అయినట్లే, ఆటలలోనూ తారతమ్యం ఉన్నది. దానిని విడదీసి చెప్పడమే బోధకుని పని.

మా మేనల్లుడి సంగతి ముగించాలి. చదువు డిగ్రీతో ఆపి వాడు సేద్యంలోనే నిలిచాడు. 2021–22లో మిరప మీద నల్ల తామరపురుగు పడింది. ఆగ్నేయాసియా నుంచి వచ్చిన పరదేశపు పురుగు అది. పూవులో దూరి రసం పీల్చి పూత రాల్చింది. నిజంగానే వేరే లోకం నుంచి ఊడిపడిన దండులా వచ్చిందని ఊళ్ళో చెప్పుకున్నారు. చుట్టుపక్కల రైతులు రోజు విడిచి రోజు మందు కొట్టారు. దొరికిన ప్రతి సీసా కలిపారు. వీడు నీలిరంగు జిగురు అట్టలు కట్టి, పూలు చేతిలో దులుపుకొని పురుగులు లెక్కపెట్టి, తక్కువ సార్లు కొట్టాడు. వీడి తోట నిలిచిందని వ్రాయగలిగితే వ్యాసం అందంగా ఉండేది. నిలవలేదు. వీడిదీ పోయింది, వారిదీ పోయింది. అయితే వారికి మిగిలినంత అప్పు వీడికి మిగలలేదు. ఇది ఆట నేర్పిన విద్య అని నేను అడిగితే వాడు ఒప్పుకోలేదు. “అదేం లేదు మామయ్యా. ఆటలో తూటా దానంతటది తిరిగొస్తది. ఇక్కడ తూటా తూటాకీ కొట్టు మెట్లెక్కాలి. అది చూసి ఆగాను” అన్నాడు. వాడి మాట నా సిద్ధాంతానికి కొంత అడ్డమే. అయినా ఉన్నది ఉన్నట్లు వ్రాయడం మేలు.

ఉపాధ్యాయ మిత్రులకు నాదొక మనవి. పిల్లలు ఆడే ఆటను మాన్పించడానికి ముందు, ఆ ఆటలో నియమమేమిటో తెలుగులో వ్రాసి తెమ్మనండి. బాగుందని కాదు, చెడ్డదని కాదు. ఏమి చేస్తే ఏమవుతుంది, ఎప్పుడు ఆగాలి, ఎందుకు ఓడుతాము, ఇంతే. పరీక్షలో “మీకు ఇష్టమైన ఆట” అన్న ప్రశ్నకు మనవాళ్ళు కబడ్డీని గూర్చి వ్రాసే కంఠస్థపు పది వాక్యాల కంటె అది నూరురెట్లు నిజమైన వచనమవుతుంది. తూటా, లెవెల్, స్కోరు వంటి మాటలు పరభాషవని ఎర్రసిరాతో కొట్టివేయకండి. కాఫీని, బస్సును కలుపుకొన్న భాష వీటికి కుంగిపోదు.

పండుగ తరువాత మా కళాశాలలో రెండవ సంవత్సరపు డిగ్రీ విద్యార్థులకు ఈ వ్యాసాంశమే ఇచ్చాను. అబ్బాయిలు చాలామంది ఫోనులో ఆడే క్రికెట్టును గూర్చి వ్రాశారు. ఆ ఆట ఎట్లా ఆడాలో కంటె తామెన్ని పరుగులు తీశారో ఎక్కువగా ఉన్నది వాటిలో. ఒక అమ్మాయి మాత్రం, తమ ఇంట ఉన్న ఒక్క ఫోనూ అన్నయ్య చేతిలోనే ఉంటుందనీ, తాను ఆడింది ఎప్పుడూ లేదనీ మొదలుపెట్టింది. అన్నయ్య భుజం మీదుగా చూస్తూ కూర్చుని, శత్రువు ఏ మూల నుంచి, ఎన్నవసారి వస్తాడో లెక్క కట్టిందట. అన్నయ్య ఓడబోయే క్షణం తనకు ముందే తెలుస్తుందని, చెబితే కసురుకుంటాడని చెప్పడం మానివేశానని రెండు పేజీలు వ్రాసింది. అక్షరదోషాలు ఏడు ఉన్నవి. వాటిని దిద్ది, ఆ వ్యాసాన్ని తరగతిలో ఆమె చేతనే చదివించాను.